పోస్ట్‌గ్రెస్ 16 వేశాక ‘డేటా పోయింది’ అనుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదిన్నరకు పర్లాకిమిడి నుంచి ఫోన్. ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు. వాళ్ల రిపోర్టులన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. “అన్నయ్యా, పదహారు ఎక్కించాను, డేటా మొత్తం పోనాది” అన్నాడు. గొంతు వణుకుతోంది. పొద్దున్న ఏడింటికల్లా పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తారు, పాత రిపోర్టులు అడుగుతారు. “ఏదైనా డిలీట్ చేశావా?” అని అడిగాను. లేదన్నాడు. “అయితే ఏదీ పోలేదు, కుదురుగా కూర్చో.”

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి తిరిగి సర్వర్లు చూసే నాకు ఇలాంటి ఫోన్లు మామూలే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు “ఇకనుంచి 16 ఉండాలి” అని ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. మిగతాది పుకార్లు నింపుతాయి.

అపోహ: కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే పాత డేటా దానంతటదే అందులోకి వచ్చేస్తుంది.

రాదు. ఫోన్‌లో యాప్ అప్‌డేట్ లాంటిది కాదిది. పాత వెర్షన్ 14, కొత్త వెర్షన్ 16 పక్కపక్కనే వేరు కాపురాలు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ తెరిచి చూడండి: దేని ఫోల్డర్ దానిదే, దేని సర్వీస్ దానిదే. 5432 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌ను చేరే తలుపు నంబరు) పాతది ఉంటే కొత్తది 5433లో దిగుతుంది. ఉబుంటులోనూ ఇదే పద్ధతి. డేటాబేస్‌లను తెరిచి చూసే పీజీఅడ్మిన్‌లో 16 మీద నొక్కితే ‘పోస్ట్‌గ్రెస్’ అనే ఖాళీ డేటాబేస్ ఒక్కటే కనబడుతుంది. గుండె జారేది అక్కడే.

కుర్రాడిని ఎడమవైపు వరుసలో ఉన్న పేర్లు చదవమన్నాను. “పద్నాలుగు కూడా ఉన్నాది, ఎర్ర గుర్తు ఉంది.” అది తెగిపోయిన గుర్తు కాదు, ఇంకా కనెక్ట్ కాలేదని. సర్వీసెస్ విండోలో 14 పక్కన రన్నింగ్ అని ఉంది. పాస్‌వర్డ్ కొట్టించి, పేషెంట్ల టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో లెక్క తీయించాను. ఆ సంఖ్య పైకి చదివాడు. ఆగి, మళ్లీ ఒకసారి చదివాడు.

అందరికీ ఇలా జరగదు. ఒక వడ్డీవ్యాపారుల ఆఫీసుకు నేను వెళ్లేసరికే ఆలస్యమైంది. 16 పనిచేస్తోంది కదా అని 14ను తీసేశారు. అన్‌ఇన్‌స్టాలర్ డేటా ఫోల్డర్‌ను ముట్టుకోదు, అలాగే వదిలేస్తుంది. కానీ డిస్క్‌లో చోటు చాలట్లేదని ఆ మిగిలిన ఫోల్డర్‌ను కూడా షిఫ్ట్ డిలీట్ కొట్టారు. చివరి బ్యాకప్ ఎనిమిది నెలల పాతది. ఆ ఎనిమిది నెలలూ చేతిపుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించారు. ఆ ఇంట్లో ఆడపిల్లలు కూడా కూర్చుని టైప్ చేశారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఎవరైనా ముందే ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంకొందరు 14 డేటా ఫోల్డర్‌ను తెచ్చి 16కు చూపిస్తారు. సర్వర్ లేవదు. ఈ ఫైళ్లు 14తో మొదలయ్యాయి, నాకు పొసగవు అని లాగ్‌లో రాస్తుంది. అది మీ డేటాను కాపాడుతున్న మాట. నోట్‌ప్యాడ్‌లో వెర్షన్ ఫైలు తెరిచి 14ను 16గా దిద్దినవాళ్లను కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. సర్వర్ లోపల, తన సొంత పట్టికల తీరు చెప్పే కేటలాగ్ నంబర్ కూడా చూస్తుంది, ఒప్పుకోదు.

దారులు రెండు. చిన్న డేటాబేస్ అయితే 16తో వచ్చిన పీజీడంప్‌ఆల్ అనే ప్రోగ్రామ్‌తో పాతదాన్ని దింపి కొత్తదాంట్లో ఎక్కించండి. ఒక్క డేటాబేస్‌నే దించే ఉత్త పీజీడంప్ యూజర్లనూ పాస్‌వర్డ్‌లనూ తీసుకురాదు. పెద్దదైతే పాత ఫైళ్లనే కొత్త వెర్షన్‌కు మార్చే పీజీఅప్‌గ్రేడ్, ముందు చెక్ ఆప్షన్‌తో నడిపి చూడాలి. ఫైళ్లకు నకలు తీయకుండా పాత, కొత్త రెండూ పంచుకునే లింక్ ఆప్షన్ వాడితే మాత్రం కొత్త సర్వర్ ఒకసారి లేచాక పాతదాన్ని మళ్లీ నడపడం క్షేమం కాదు.

అపోహ: “అప్‌డేట్ అంటేనే భయం, 14.2 చాలు.” చుక్క తర్వాతి అంకె మారితే ఫైళ్ల తీరు మారదు. సర్వర్ ఆపి, వేసి, మళ్లీ లేపడమే. భయపడి ఆగినవాళ్లే నష్టపోతారు: 14.0 నుంచి 14.3 వరకు, టేబుల్ వాడుకలో ఉండగానే (కన్‌కరెంట్‌గా) కట్టిన ఇండెక్సులు, అంటే వెతుకులాటకు వాడే సూచికలు, చప్పుడు లేకుండా పాడయ్యే లోపం ఉంది, 2022 జూన్‌లో 14.4తో సరిచేశారు. అసలు 14కే 2026 నవంబరు వరకే మద్దతు.

అపోహ: “16కు మారాక స్లో అయింది, 14యే నయం.” వెర్షన్ 17 వరకు పీజీఅప్‌గ్రేడ్, దేన్ని ఎలా వెతకాలో సర్వర్ నిర్ణయించుకునే గణాంకాలను మోసుకురాదు. వాటిని మళ్లీ లెక్కించే అనలైజ్ నడపండి.

అపోహ: “ఓఎస్ మారిస్తే డేటాబేస్‌కేం?” మా వైపు పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఎక్కిస్తారు. లినక్స్‌లో జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ 2.28 వెర్షన్ నుంచి అక్షరక్రమం నియమాలు బాగా మారాయి. పాత ఫోల్డర్‌ను కొత్త ఓఎస్ మీదికి యథాతథంగా మోస్తే, టేబుల్‌లో ఉన్న పేరే వెతికితే దొరకకపోవచ్చు. పాత క్రమంలో ఉన్న ఇండెక్సులను మళ్లీ కట్టాలి, అంటే రీఇండెక్స్ చేయాలి.

ఆ ల్యాబ్‌ను ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించాక మార్చాం. 14 సర్వీస్ ఆపేశాం, ఫోల్డర్ మాత్రం ఉన్నచోటే ఉంది. నెలాఖరు లెక్కలు సరిపోయేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మానిటర్ అంచున చీటీ అంటించి వచ్చాను.