చల్లని నేల షిరాజ్‌లో మిరియాలు ఎవరూ కలపరు: అపోహలు, వాస్తవాలు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పడమటి భాగంలో, గ్రాంపియన్స్ కొండల దగ్గర షిరాజ్ ద్రాక్ష పండించి వైన్ తయారు చేసే పనిలో ఉన్నాను. మెల్బోర్న్ నుంచి తోట చూడడానికి వచ్చే తెలుగువారు గ్లాసును ముక్కు దగ్గరికి తీసుకోగానే తరచుగా అడిగే మాట ఒకటుంది: "ఇందులో మిరియాలు వేశారా?" ఆ ప్రశ్న నాకు ఎంతో ఇష్టం. మిరియాల చారు తాగి పెరిగిన ముక్కుకు ఈ వైన్ గుట్టు మొదటి క్షణంలోనే పట్టుబడుతుంది. పొరపాటల్లా ఆ వాసన ఎవరో కలిపితే వచ్చిందనుకోవడమే.

అపోహ: మిరియాల ఘాటు కోసం వైన్‌లో ఏదో కలుపుతారు.

ఏమీ కలపరు, ఆ ఘాటు ద్రాక్ష తొక్కలోనే పుడుతుంది. రోటండోన్ అనే పదార్థమే ఈ వాసనకు మూలమని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. మన పోపులపెట్టెలోని మిరియాలకు ఆ పరిమళాన్ని ఇచ్చేది కూడా ఇదే పదార్థం. గ్రాములో నూరు కోట్లవ వంతును నానోగ్రాము అంటారు. లీటరు రెడ్ వైన్‌లో రోటండోన్ 16 నానోగ్రాములు ఉన్నా చాలు, మనిషి ముక్కు దాన్ని గుర్తించగలదు. అయితే ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో సుమారు ఐదింట ఒక వంతు మందికి, మోతాదు ఎంతో పెంచినా ఆ వాసన తెలియనే లేదు. కాబట్టి ఒకే సీసా పంచుకున్న ఇద్దరిలో ఒకరు మిరియాలని, మరొకరు నేరేడుపండని అంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్లు లెక్క. వైన్ రుచి చూడడం రాదని ఎవరైనా తమను తాము తక్కువ చేసుకుంటే నాకు బాధ కలిగేది అందుకే.

చల్లదనానికీ ఈ పదార్థానికీ ఉన్న సంబంధం తోటలో కంటికి కనిపిస్తుంది. కాయ రంగు తిరిగిన తర్వాత, కోతకు ముందున్న చివరి వారాల్లో రోటండోన్ తొక్కలో చేరుతుంది. ఆ కాలంలో గుత్తి వేడి 25 డిగ్రీలు దాటి ఉండే గంటలు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ దేశంలో దక్షిణం వైపు వాలిన నేలకు ఎండ తక్కువగా తగులుతుంది కాబట్టి, ఒకే తోటలో ఒకే రోజున కోసినా ఆ వాలులోని గుత్తులకు ఘాటు ఎక్కువగా ఉంటుంది. గుత్తుల మీద ఆకు నీడ ఎంత ఉంచాలన్నది ఇక్కడ మేము ప్రతి వేసవిలోనూ తర్జనభర్జన పడే విషయం. ఆకు మరీ దట్టంగా ఉంటే బూజు పడుతుంది, మరీ పలచగా ఉంటే మిరియాల వాసన పోతుంది.

అపోహ: చల్లని ప్రాంతంలో పండు సరిగా పండదు కాబట్టి వైన్ పలచగా ఉంటుంది.

ఇందులో కొంత నిజం ఉంది. వానలు ముసిరిన చల్లని ఏడాదిలో పండు నిజంగానే దోరగా మిగిలిపోవచ్చు, ఆ నష్టం నేనూ చవిచూశాను. కానీ మంచి ఏడాదిలో ఇక్కడి పండు ఆలస్యంగా పండుతుందే తప్ప తక్కువగా పండదు. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని వేడి నేల అయిన బరోసా లోయ షిరాజ్ తరచుగా 14.5 శాతం ఆల్కహాలుతో, బాగా మగ్గిన పండు తీపిని తలపిస్తూ నోరంతా నిండుతుంది. అది గొప్ప వైనే, నేను దాన్ని తక్కువ చేయను. చల్లని రాత్రుల వల్ల పండులోని పులుపు తరిగిపోకుండా నిలిచి, సాధారణంగా 13, 14 శాతం మధ్య ఆల్కహాలుతో, నేరేడు, మిరియం, సన్నని వగరు విడివిడిగా తెలిసే వైన్ ఇక్కడ వస్తుంది. చిక్కదనాన్నీ ఆల్కహాలునూ మాత్రమే నాణ్యతకు కొలతగా పెట్టుకున్నవారికి ఈ తేడా అందదు.

కోతకు ముందు పది రోజులూ తెల్లవారగానే తోటలో తిరుగుతూ పండ్లు నోట్లో వేసుకుంటాను. ముందుగా రసం మింగి, తొక్కను దవడ పళ్ళ మధ్య నెమ్మదిగా నమిలి, చివరికి గింజను కొరికి చూస్తాను. పచ్చి గింజ మెత్తగా చిదిగి నాలుకను పట్టేసేంత వగరునిస్తుంది. పండిన గింజ గోధుమరంగుకు తిరిగి, వేయించిన శనగపప్పులా పటుక్కుమంటుంది. చక్కెర శాతాన్ని పరికరం చెబుతుంది కానీ, ఆ చప్పుడు వినిపించనిదే కోతకు మనుషులను పిలవను.

ఈ నేలకు చరిత్ర లేదనేవారు కూడా ఉన్నారు. ఇక్కడి గ్రేట్ వెస్టర్న్ ఊరి దగ్గర హెన్రీ బెస్ట్ తోట వేయడం 1866లో మొదలైంది, అక్కడ ఆనాటి షిరాజ్ తీగలు కొన్ని ఇప్పటికీ కాపు కాస్తున్నాయి.

అపోహ: ఈ ద్రాక్ష ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చింది.

పేరు కలవడం వల్ల పుట్టిన కథ ఇది. క్రూసేడ్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన ఒక వీరుడు ఆ తీగను తెచ్చి, ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డున ఉన్న హెర్మిటేజ్ కొండ మీద నాటాడని చెప్పుకుంటారు. 1990ల చివర కాలిఫోర్నియా, ఫ్రాన్స్‌లోని మాంపెలియే పరిశోధకులు చేసిన డీఎన్ఏ పరీక్షలు ఈ వాదానికి తెరదించాయి. ఆర్డెష్ ప్రాంతపు నల్ల ద్రాక్ష డ్యురేజా, సవోయ్ ప్రాంతపు తెల్ల ద్రాక్ష మోన్‌డ్యూజ్ బ్లాంష్ దీనికి తల్లిదండ్రులని తేలింది. రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్‌కు చెందినవే. ఆస్ట్రేలియాలో ద్రాక్ష సాగుకు తొలి పునాది వేసినవారిలో ఒకరైన జేమ్స్ బస్బీ 1831లో స్పెయిన్, ఫ్రాన్స్ తోటలు తిరిగి సేకరించిన వందలాది రకాల కొమ్మ ముక్కలతో పాటు ఇదీ ఆస్ట్రేలియాకు చేరింది. ఫ్రాన్స్‌లో వాడే పేరైన సిరా, ఇక్కడి షిరాజ్ వేర్వేరు ద్రాక్షలా అని అడిగేవారికీ ఇదే జవాబు: తీగ ఒక్కటే. ఇక్కడ చల్లని ప్రాంతాల తయారీదారులు కొందరు తమ వైన్ పోకడ ఫ్రెంచి తరహాదని తెలపడానికి సీసా మీద సిరా అని రాసుకుంటారు.

అపోహ: ఎర్ర వైన్‌లో తెల్ల ద్రాక్ష కలిపితే కల్తీ.

రోన్ లోయలోని కోట్ రోటీ అనే వైన్ ప్రాంతంలో వియోన్యే అనే తెల్ల ద్రాక్షను 20 శాతం వరకు చేర్చడానికి నిబంధనలే అనుమతిస్తాయి. రెంటినీ ఒకే తొట్టిలో కలిపి పులియబెట్టడమే ఇందులోని కీలకం. తెల్ల ద్రాక్ష తొక్కలోని పదార్థాలు ఎర్ర రంగును నిలబెట్టడానికి తోడ్పడతాయి, పూల పరిమళం దానికి అదనం. కాన్‌బెర్రా దగ్గరి క్లోనకిల్లా తోటకు చెందిన టిమ్ కిర్క్ 1991లో కోట్ రోటీ వెళ్ళి ఆ వైన్లు రుచి చూసి వచ్చాక మొదలుపెట్టిన షిరాజ్ వియోన్యే, ఈ దేశంలో చల్లని నేల షిరాజ్‌పై ఉన్న చిన్నచూపును చాలావరకు తుడిచేసింది.

అపోహ: రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలి.

ఆ మాట పుట్టింది యూరప్‌లోని చల్లని ఇళ్ళలో, హైదరాబాదు మే నెల గదిలో కాదు. ఈ షిరాజ్‌కు 16 డిగ్రీలు సరిపోతుంది. సీసాను ఫ్రిజ్‌లో ఉంచి, ఆ చల్లదనానికి వచ్చాక తీయండి. వెచ్చబడిన గ్లాసులో ఆల్కహాలు ఆవిరే ముక్కుకు ముందుగా తగిలి, తొక్కలో అన్ని వారాలు కూడబెట్టుకున్న మిరియాల వాసన దాని వెనక దాగిపోతుంది.