తుపాను షెల్టర్‌లో బడి ఎందుకు పెట్టారంటే

వాతావరణ మార్పును తట్టుకోవడానికి దేశాలకిచ్చే వాతావరణ నిధుల లెక్కలు బయటికొచ్చినప్పుడల్లా ఒకటే పేచీ: బడి కట్టడం వాతావరణ ఖర్చా, విద్యాశాఖ ఖర్చా? ఆ పెద్ద నిధుల్లో పిల్లలను లెక్కలోకి తీసుకున్న ప్రాజెక్టులకు దక్కింది 2.4 శాతమేనని యునిసెఫ్, మరికొన్ని సంస్థలు 2023లో తేల్చాయి. 2024లో ఎండలు, వరదలు, తుపాన్ల వల్ల 24 కోట్లకు పైగా పిల్లల చదువు ఆగిందన్న యునిసెఫ్ అంచనాతో పేచీ మళ్లీ రాజుకుంది.

1970 భోలా తుపాను, మన 1977 దివిసీమ ఉప్పెన అందరికీ తెలిసినవే. తుపాను షెల్టర్‌లో బడి పెట్టడానికి దారితీసిన అసలు మలుపు బంగ్లాదేశ్‌లో, 1991 ఏప్రిల్ 29 రాత్రి వచ్చిన తుపాను. చిట్టగాంగ్ తీరంలో సుమారు 1,38,000 మంది పోయారు. హెచ్చరిక అందకనా అంటే, కాదు. 20 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లలో వెయ్యికి 71 మంది చనిపోతే అదే వయసు మగవాళ్లలో 15 మంది. మగతోడు లేనిదే గడప దాటకూడదు, పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టర్‌లో తలదాచుకోలేరు, నీళ్లలో కాళ్లకు చుట్టుకునే చీర, రాని ఈత.

ఆ తర్వాత 1993లో వేసిన ప్రణాళికలో షెల్టర్ రోజూ వాడుకలో ఉండాలన్నారు. అందుకు బడిని మించింది దొరకలేదు. కింద ఉత్త స్తంభాలు, పైన తరగతి గదులు. ఉప్పెన వస్తే నీళ్లు స్తంభాల మధ్య నుంచి పోతాయి, మామూలు రోజుల్లో ఆ నీడలో పిల్లలు ఆడుకుంటారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుసు. చిన్నప్పుడు అయిదేళ్లు ఆ మెట్లెక్కిన పిల్లకు, తల్లయ్యాక అది పరాయి చోటు కాదు.

1994లో హైస్కూలు ఆడపిల్లలకు ఉపకార వేతనం దేశమంతా ఇచ్చారు. షరతులు మూడు: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్లి కాకుండా ఉండటం. ఆడపిల్లను గడప దాటించిన ఆ పథకాన్ని వాతావరణ పథకమని అప్పట్లో ఎవరూ అనలేదు. 2007లో సిడ్ర్ తుపాను వచ్చినప్పుడు మృతులు సుమారు 3,400.

మృతులు ఇలా తగ్గిన ఘనత హెచ్చరికలు చెప్పిన రేడియోది, ఊరూరా తిరిగి చాటిన వలంటీర్లదని వాదించేవారున్నారు. కొంత నిజమే. కానీ 1991లోనూ రేడియో మోగింది, వలంటీర్లూ తిరిగారు.

2024 ఏప్రిల్ ఎండలకు బంగ్లాదేశ్‌లో బళ్లు మూసేశారు. ఉప్పెనకు నిలిచిన గదులు ఎండకు నిలవలేదు. స్తంభాలు లేపడానికి డబ్బిచ్చిన ఖాతా నుంచి కప్పు చల్లబరచడానికీ ఇవ్వొచ్చా అన్న దగ్గరే ఇప్పుడు బేరం ఆగింది.