ఏ ఇబ్బందీ లేనప్పుడు సుఖవ్యాధుల టెస్టు ఎందుకంటారా?

గర్భనాళాలకు తీసే ఎక్స్‌రేలో మందు గర్భసంచిని నింపి, రెండు నాళాల్లోంచి సన్నటి గీతల్లా పాకి, చివర్న బయటికి చిందాలి. కొందరిలో అది మధ్యలోనే ఆగిపోతుంది. పిల్లల కోసం వచ్చిన ఆ అమ్మాయిని "ఎప్పుడైనా పొత్తికడుపులో నొప్పి, జ్వరం, తెల్లబట్ట?" అని అడుగుతాను. "ఏమీ లేవు డాక్టర్" అంటుంది. నిజమే చెబుతోంది. నాళాలు మూసుకుపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఎప్పుడో సోకి, చడీచప్పుడు లేకుండా ఉండిపోయిన క్లామిడియా అనే సుఖవ్యాధి వాటిలో ముఖ్యమైనది. వారం రోజుల మాత్రలతో నయమయ్యే జబ్బు అది. అందుకే నాకు బాధ.

అపోహ: సుఖవ్యాధి ఉంటే ఒంట్లో తెలిసిపోతుంది.

వాస్తవం: క్లామిడియా సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, ఆడవాళ్లలో మరీను. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. మందు వాడకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది, రోగం మాత్రం లోపలే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో క్లామిడియా, గనోరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ కలిపి కొత్తగా 37.4 కోట్ల ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఈ నాలుగూ మందులతో నయమయ్యేవే.

అపోహ: నేను అలాంటిదాన్ని కాదు, నాకెందుకు?

వాస్తవం: ఈ మాట వినని వారం ఉండదు. టెస్టు మీ నడవడికకు పెట్టే పరీక్ష కాదమ్మా. మీకు ఒక్కరే భాగస్వామి కావచ్చు, ఆయనకు మీకంటే ముందు ఎవరైనా ఉండి ఉండొచ్చు, సోకిన సంగతి ఆయనకే తెలియకపోవచ్చు. పైగా చిన్న వయసులో గర్భాశయ ముఖద్వారం దగ్గరి సున్నితమైన కణాలు బయటికి ఉండటంతో క్లామిడియా తేలిగ్గా అంటుకుంటుంది. లైంగిక జీవితం మొదలైన 25 ఏళ్లలోపు ఆడవాళ్లు ఏటా క్లామిడియా, గనోరియా టెస్టులు చేయించుకోవాలని అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పేది అందుకే.

అపోహ: టెస్టంటే బట్టలు విప్పి పడుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆడవాళ్లు బాత్రూంలోకి వెళ్లి తమంతట తామే స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లతో) యోని నుంచి శాంపిల్ తీసుకోవచ్చు. ఫలితం డాక్టర్ తీసిన దానంత నమ్మకంగానూ వస్తుంది. మగవాళ్లకు మూత్రం చాలు. గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదటి ధారే డబ్బాలో పట్టాలి. మామూలు యూరిన్ టెస్టుకు అలవాటుపడి చాలామంది మధ్య ధార పట్టేస్తారు, జాగ్రత్త. నోటి ద్వారా, మలద్వారం ద్వారా కలిసినవాళ్లు ఆ సంగతి చెప్పాలి, గొంతులోని గనోరియా మూత్రంలో కనిపించదు. సిఫిలిస్, హెచ్ఐవీలకు రక్తం.

అపోహ: మొన్నే రక్తపరీక్షలు, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే టెస్టు) చేయించా, అన్నీ నార్మల్.

వాస్తవం: మామూలు రక్తపరీక్షల్లోగానీ పాప్ స్మియర్‌లోగానీ క్లామిడియా దొరకదు. ఏ టెస్టులు కావాలో పేరు పెట్టి అడగండి.

అపోహ: కలిసిన మర్నాడే చేయిస్తే టెన్షన్ పోతుంది.

వాస్తవం: క్లామిడియా, గనోరియాలకు రెండు వారాలు ఆగాలి. హెచ్ఐవీకి ల్యాబ్‌లో చేసే యాంటిజెన్-యాంటీబాడీ టెస్టయితే 45 రోజులు. హెచ్ఐవీ భయం గట్టిగా ఉంటే మాత్రం ఆగొద్దు, సోకకుండా ఆపే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

అపోహ: నేను మందు వాడేశాను, అయిపోయింది.

వాస్తవం: భాగస్వామి వాడకపోతే మళ్లీ మీకే వస్తుంది. క్లామిడియాకు ఇద్దరి మందులూ పూర్తయ్యేదాకా, కనీసం ఏడు రోజులు, కలవొద్దు. మూడు నెలలకు మళ్లీ టెస్టు చేయించుకోండి.