లెక్చర్, ట్యుటోరియల్, ల్యాబ్: కొత్త విద్యార్థుల అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీ టైమ్‌టేబుల్‌లో ఒకే సబ్జెక్టుకు లెక్చర్, ట్యుటోరియల్, ల్యాబ్ అని మూడు పేర్లు కనిపిస్తాయి. మూడింటికీ ఒకేలా, నోట్‌బుక్ పట్టుకెళ్లి కూర్చుంటే చాలనుకుంటారు చాలామంది. మొదటి సెమిస్టర్‌లో దెబ్బతినేది అక్కడే.

అపోహ: వారానికి 15 గంటలే క్లాసులు, మిగతాదంతా తీరిక.

వాస్తవం: ఒక కోర్సుకు ఎంత పని పడుతుందో కొలిచే క్రెడిట్ల లెక్క చూడండి. ఐరోపా యూనివర్సిటీలు వాడే ఈసీటీఎస్ అనే క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఏడాదికి 60 క్రెడిట్లు. చదువుకోవడం, అసైన్‌మెంట్లు, పరీక్షలు అన్నీ అందులోనే. అమెరికా నిబంధన ప్రకారం క్లాసులో గడిపే ప్రతి గంటకూ బయట కనీసం రెండు గంటలు పనిచేయాలి. ఆ లెక్కన 15 గంటల క్లాసులు వారానికి 45 గంటల పని. ఖాళీగా కనిపించే గంటల్లో ఏ సబ్జెక్టు చదవాలో మొదటి వారమే రాసిపెట్టుకోండి.

అపోహ: స్లైడ్లు ఇస్తారు, రికార్డింగ్ ఉంటుంది. లెక్చర్‌కు వెళ్లకపోయినా నష్టం లేదు.

వాస్తవం: స్లైడు మీద ఉండేది ముఖ్యాంశాలే. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎందుకు వెళ్లామన్నది నోటితో చెబుతారు. నోట్సులోకి ఎక్కాల్సింది ఆ ‘ఎందుకు’. రికార్డింగులు తర్వాత చూద్దామని వదిలేస్తే కుప్పపడతాయి. ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూస్తే 50 నిమిషాల లెక్చర్ గంటన్నర తినేస్తుంది. అదే రోజు సాయంత్రం పది నిమిషాలు నోట్సు మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, గుర్తుతెచ్చుకుంటూ రాసినవాళ్లదే పైచేయి.

అపోహ: ట్యుటోరియల్ అంటే లెక్చర్‌నే మళ్లీ వివరంగా చెప్పే క్లాసు.

వాస్తవం: అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇది. ట్యుటోరియల్‌కు సరుకు మీరే తేవాలి. ప్రాబ్లమ్ షీట్ సాధారణంగా ముందే ఇస్తారు. ప్రతి లెక్కనూ 20, 30 నిమిషాలు ప్రయత్నించండి. ఆగిపోతే ఏ లైను దగ్గర ఆగిందో, అక్కడిదాకా ఏమేం ప్రయత్నించారో రాసుకోండి. ‘ఈ లెక్క అర్థం కాలేదు’ అంటే ట్యూటర్ మొదటి నుంచి చెప్పుకురావాలి, మీ సందేహం దాకా వచ్చేసరికి గంట అయిపోతుంది. ‘మూడో లైనులో ఉన్న మైనస్ నాలుగో లైనులో ప్లస్ ఎలా అయింది?’ అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఏమీ చేయకుండా వచ్చి బోర్డు మీది జవాబు ఎక్కించుకుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో మాత్రం మొదటి లైను తట్టదు, ఎందుకంటే ఆ మొదటి లైను మీరు ఎప్పుడూ సొంతంగా రాయలేదు.

అపోహ: సెమినార్‌లో, అంటే చదివిన పాఠం మీద చర్చ నడిచే క్లాసులో, ధారాళంగా మాట్లాడేవాళ్లే నెగ్గుకొస్తారు.

వాస్తవం: ఇచ్చిన పాఠం చదివి రావడమే సగం పని. ఒక ప్రశ్న, మీరు ఒప్పుకోని ఒక వాదన, వాటి పేజీ నంబర్లు రాసుకుని వెళితే బిడియస్తులైనా మాట్లాడగలరు.

అపోహ: ల్యాబ్‌లో మాన్యువల్‌లో ఉన్నట్టు చేసుకుపోతే చాలు, సరైన విలువ అదే వస్తుంది.

వాస్తవం: మాన్యువల్‌ను ల్యాబ్‌లో మొదటిసారి తెరిస్తే సగం సమయం చదవడానికే పోతుంది. ముందురోజే టేబుళ్లు గీసి, యూనిట్లు, పరికరం లీస్ట్ కౌంట్ (అది కొలవగలిగే అతి చిన్న విలువ) రాసి ఉంచండి. రీడింగులు చిత్తుకాగితం మీద కాకుండా నేరుగా అబ్జర్వేషన్ బుక్‌లో, పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేయండి, కింది అంకె కనిపిస్తూనే ఉండాలి. తర్వాత అదే సరైనదని తేలే అవకాశం ఉంది. పరికరాలు విప్పేలోపే రఫ్ గ్రాఫ్ గీయడం మరవకండి. ఒక బిందువు గీతకు దూరంగా పడితే అప్పటికప్పుడు మళ్లీ కొలవవచ్చు, ఇంటికెళ్లాక ఆ అవకాశం ఉండదు. పుస్తకంలోని విలువ రాలేదని అంకెలు దిద్దడం ఘోరమైన తప్పు. జీరో ఎర్రర్ (సున్నా చూపాల్సిన చోట పరికరం చూపే తేడా) చూసుకున్నారా, యూనిట్లు మార్చారా అని వెతికి, దొరికిన కారణం రాస్తే అది నిజమైన రిపోర్టు. వైవాలో అడిగేదీ అదే.

అపోహ: చర్చలు, గ్రూపు పనులతో నడిచే క్లాసులో ఏమీ ఎక్కదు.

వాస్తవం: అలా అనిపించడం సహజం. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి క్లాసులో కూర్చున్నవాళ్లు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు, పరీక్షలో మాత్రం ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. బుర్రకు పని పడితే కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్ని రానితనంగా పొరబడతాం.

అపోహ: ఆఫీస్ అవర్స్ (సందేహాలు అడగడానికి అధ్యాపకులు తమ గదిలో ఉండే సమయం) వెనకబడినవాళ్ల కోసం.

వాస్తవం: ఆ సమయం అందరిదీ. పరీక్షకు ముందు వారం తలుపు దగ్గర వరుస కడతారు, మూడో వారంలో గది ఖాళీగా ఉంటుంది. అప్పుడే వెళ్లండి, మీరు ప్రయత్నించిన కాగితం వెంట తీసుకుని.