పాత స్మార్ట్‌ఫోను కొనవచ్చా? రిపేరు బల్ల దగ్గర వినే అపోహలు, అసలు సంగతులు

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర మాది మొబైల్ రిపేరు దుకాణం. మేము పాత ఫోన్లు అమ్మం, బాగుచేస్తాం. అమ్మేవాళ్లం కాదు కాబట్టే నిజం చెబుతామన్న నమ్మకంతో చాలామంది బేరం ఖాయం చేసుకునే ముందు ఫోను తెచ్చి, "అన్నా, ఇది తీసుకోవచ్చా?" అని అడుగుతారు. వాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: రెండేళ్లు దాటిన మోడల్ కొంటే డబ్బు దండగ.

వాస్తవం: ఎన్నేళ్లు గడిచాయన్నది సగం లెక్క. ఇంకా ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయన్నది అసలు లెక్క. 2023 అక్టోబరులో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. అంటే ఈ రోజు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా పిక్సెల్ 8కు 2030 దాకా భరోసా ఉంటుంది. చవక రకం కొత్త ఫోన్లలో కొన్నింటికి రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆగిపోతాయి. కొత్తది ముందు ముసలిదై, పాతది ఇంకా నడవడం అందుకే.

సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిస్తే ఆండ్రాయిడ్ వెర్షన్ కింద సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. అది ఏడాదికి పైగా వెనకబడి, కొత్త అప్‌డేటూ రాకపోతే ఆ ఫోనులో బ్యాంకు ఖాతా, ఫోన్‌పే పెట్టవద్దని చెబుతాను. పాటలు వినడానికో, పిల్లల పాఠాలకో అయితే అభ్యంతరం లేదు. మరో మాట: పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ ఎక్కించేది) మీ చేతులతో మీరే ఎక్కించుకుంటే నిన్న కొన్న ఫోనైనా కాపాడలేదు.

వాట్సాప్ ఒక్కటి నడిస్తే చాలనుకునేవాళ్లు కూడా ఒక లెక్క చూసుకోవాలి. 2025 మే నుంచి ఐఫోనులో దానికి కనీసం ఐఓఎస్ (ఐఫోను సాఫ్ట్‌వేర్) 15.1 ఉండాలి. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది కాబట్టి అందులో రాదు. దాని తరువాతి 6ఎస్‌కు ఐఓఎస్ 15.8 దాకా అందింది.

అపోహ: సీలు తీయని పాత మోడల్ అంటే కొత్త ఫోనే.

వాస్తవం: అప్‌డేట్ల గడువు మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్క, మీరు పెట్టె విప్పిన రోజు నుంచి కాదు. లోపల లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా వయసు మీదపడుతూనే ఉంటుంది. అటక మీద వేడికి పడి ఉంటే మరీ. వారంటీ మాత్రం మామూలుగా బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది, అదొక్కటే లాభం.

అపోహ: బ్యాటరీ మారిస్తే సరి, అంతా కొత్తదైపోతుంది.

వాస్తవం: బ్యాటరీ మార్చడం మంచి పనే, కొన్న ధరలో ఆ ఖర్చు కలుపుకోండి కూడా. ఐఫోన్ 14 దాకా వచ్చిన మోడళ్లలో 500 పూర్తి చార్జింగుల తరువాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా బ్యాటరీని రూపొందించామని యాపిల్ చెబుతుంది. 15 నుంచి ఆ సంఖ్య 1000. అయితే ఈ లెక్కలు అనుకూలమైన వాతావరణానికి. ఫోనును 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీలు అంటాయి. మే నెలలో నల్లగొండలో నీడ పట్టునే 40 దాటుతుంది. దేవరకొండ రోడ్డు మీద బైకు హ్యాండిల్‌కు బిగించి, చార్జింగ్ పెట్టి, మ్యాపులు చూస్తూ తిరిగిన ఫోనూ, ఆఫీసు బల్ల మీద చల్లగా పడి ఉన్న ఫోనూ ఒకే నెలలో కొన్నవైనా ఒకటి కావు. అందుకే ఏ సంవత్సరానిదని కాకుండా ఎవరు వాడారని ముందు అడుగుతాను.

ఆ బైకు వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. కొన్ని ఖరీదైన ఫోన్లలో చేయి వణికినా ఫొటో చెదరకుండా లెన్సును కదిలించే ఏర్పాటు ఉంటుంది. మోటారు సైకిల్ ఇంజిను ప్రకంపనలకు అది దెబ్బతినవచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. కొనే ముందు కెమెరా తెరిచి దూరంగా ఉన్న బోర్డు అక్షరాల మీద పెట్టండి. బొమ్మ వణుకుతున్నా, లోపలి నుంచి గరగర వినిపించినా వదిలేయండి.

బ్యాటరీ కోసం ఒకసారి వెనక మూత విప్పామంటే నీరు చొరకుండా ఉంచే జిగురు పట్టు కూడా పోయినట్టే. తిరిగి అతికిస్తాం కానీ ఐపీ68 (నీటిని తట్టుకునే రేటింగు) ఫోనే కదా అని బకెట్లో ముంచవద్దు.

అపోహ: తెర మెరుస్తోంది, గీత లేదు, కాబట్టి ఒరిజినలే.

వాస్తవం: ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఓఎల్ఈడీ తెర పగిలితే దాని ఖరీదు భరించలేక చాలామంది చవక ఎల్‌సీడీ కాపీ వేయించి, ఆ ఫోనునే అమ్మకానికి పెడతారు. పట్టుకోవడం కష్టం కాదు. పూర్తి నల్ల బొమ్మ ఒకటి తెరిచి, వెలుతురు పెంచి, చీకటి మూలన చూడండి. ఓఎల్ఈడీలో నలుపు చోట దీపమే వెలగదు, ఆరిపోయినట్టుంటుంది. ఎల్‌సీడీ అయితే బూడిద రంగుగా వెలుగుతుంది. తెర కింద వేలిముద్ర ఉండే మోడల్ అయితే మీ వేలు కొత్తగా నమోదు చేసి చూడండి. ఎల్‌సీడీ కాపీ వేస్తే ఆ సెన్సరు పనిచేయదు. "అది సాఫ్ట్‌వేర్ సమస్య, అప్‌డేట్ చేస్తే వస్తుంది" అని అమ్మేవాడు అంటే లేచి వచ్చేయండి. ఐఫోనులో ఇంత శ్రమ అక్కరలేదు: 11 నుంచి వచ్చిన మోడళ్లలో, ఐఓఎస్ 15.2 ఆపైన ఉంటే, తెర మార్చిన సంగతి, అది అసలుదో కాదో సెట్టింగ్సే చెబుతాయి.

శామ్‌సంగ్‌లో డయలర్‌లో *#0*# కొడితే చాలా మోడళ్లలో పరీక్షల పట్టిక తెరుచుకుంటుంది. రంగులు, టచ్, స్పీకరు అన్నీ అక్కడే చూడవచ్చు. సిమ్ ట్రే తీసి లోపలికి టార్చి వేయండి. నీరు తగిలితే ఎర్రబడే చిన్న గుర్తు కొన్ని మోడళ్లలో అక్కడే ఉంటుంది.

అపోహ: 5జీ లేని ఫోను ఇక పనికిరాదు.

వాస్తవం: దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరులో. 4జీ అంతటా నడుస్తూనే ఉంది, యూపీఐకి, వీడియో కాల్‌కు అదే చాలు. కానీ 5జీ కోసమే ఎక్కువ డబ్బు పెడుతుంటే ఆ ఫోను ఏ బ్యాండ్లు (తరంగాల శ్రేణులు) అందుకుంటుందో చూడాలి. జియో 5జీ స్టాండ్ ఎలోన్ పద్ధతిలో, అంటే 4జీ ఆసరా లేకుండా నడుస్తుంది. ఆ పద్ధతిని అందుకోలేని తొలినాటి 5జీ ఫోనులో జియో 5జీ గుర్తు రాదు. దూరం వెళ్లే 700 మెగాహెర్ట్జ్ తరంగం జియో చేతిలో ఉంది, దానికి ఎన్28 బ్యాండ్ కావాలి. పల్లెలో ఉండేవాళ్లకు ఇది పట్టణం వాళ్లకన్నా ముఖ్యం.

అపోహ: అమెరికా నుంచి వచ్చిన ఐఫోను అంటే కళ్లు మూసుకుని కొనవచ్చు.

వాస్తవం: మన జిల్లాలో అమెరికా బంధువు లేని ఊరు తక్కువ. "బావ పంపాడు సార్" అంటూ వచ్చే ఫోన్లూ తక్కువ కాదు. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రేనే ఉండదు, ఇ-సిమ్ (కార్డు లేకుండా ఫోను లోపలే ఉండే సిమ్) ఒక్కటే దారి. మీ నంబరును ఇ-సిమ్‌గా మార్చుకోవాలి. పైగా అక్కడి నెట్‌వర్కుకు తాళం వేసి ఉందేమో సెట్టింగ్స్‌లో చూడాలి. ఆ తాళం అక్కడి కంపెనీయే తీయాలి, మా దుకాణంలో తీయలేం.

అపోహ: రీసెట్ చేసి ఇచ్చాడు, ఇక బిల్లుతో పని ఏముంది?

వాస్తవం: రీసెట్ చేసినా పాత యజమాని గూగుల్ ఖాతా, యాపిల్ ఖాతా తాళం అలాగే ఉండిపోవచ్చు. మీ ఎదుటే రీసెట్ చేయించి, మీ ఖాతాతో మొదలుపెట్టి, మీ సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడిన తరువాతే డబ్బు ఇవ్వండి. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు వస్తుంది. పెట్టె మీద, బిల్లు మీద ఉన్నది అదేనా చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే వివరాలు వస్తాయి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులోనూ చూడవచ్చు. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఇప్పటికే వాడుకలో ఉంది అన్న మాటల్లో ఏది వచ్చినా ఆ ఫోను ముట్టుకోవద్దు. ఐఎంఈఐ మార్చి పెట్టమని అడిగేవాళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. అది నేరం, ఎంతిచ్చినా చేయం.

ర్యామ్, మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ చెప్పను. స్టోరేజీలోంచి అరువు తెచ్చిన వర్చువల్ ర్యామ్‌ను అసలు ర్యామ్‌తో కలిపి చెప్పే అంకెను నమ్మవద్దు. పెద్ద సెన్సరున్న పాత 12 మెగాపిక్సెళ్ల కెమెరా చవక 50 మెగాపిక్సెళ్ల కెమెరా కంటే రాత్రిపూట మంచి ఫొటో ఇవ్వగలదు. నిదానంగా నడిచే ఈఎంఎంసీ రకం స్టోరేజీ ఉన్న కొత్త ఫోను కంటే వేగమైన యూఎఫ్ఎస్ రకం స్టోరేజీ ఉన్న పాత ఖరీదైన ఫోనే చురుగ్గా ఉంటుంది.

ఫోను ధర అడిగే ముందు నేను దాని డిస్‌ప్లే ధర అడుగుతాను. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఆ మోడల్ డిస్‌ప్లే దొరుకుతుందా, ఎంత చెబుతున్నారు? ఫోను ధరలో సగం దాటితే, లేక "తెప్పించాలి, వారం పడుతుంది" అంటే, ఫోను ఎంత బాగున్నా వద్దంటాను.