స్వరలిపి చదవడం: పిల్లల పాఠాల్లో కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: గురుముఖతః నేర్చుకొనే కర్ణాటక సంగీతానికి స్వరలిపితో (స్వరాలను కాగితం మీద రాసే పద్ధతితో) పని లేదు.

వాస్తవం: సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో, గమక చిహ్నాలతో (స్వరాన్ని ఎలా ఊపి పలకాలో చూపే గుర్తులతో) సహా వెలువడింది. గురువు అవసరాన్ని ఎవరూ కాదనరు. అయితే వారానికి ఒకటి రెండు పాఠాలే దొరికే పిల్లలు మిగతా రోజుల్లో సాధన చేయాలంటే పుస్తకం చదవగలగాలి.

అపోహ: ముందు గుర్తులన్నీ నేర్పి, తరువాత పాడించాలి.

వాస్తవం: నోటికి వచ్చినదానినే కాగితం మీద చూపించాలి. ‘తకిట’, ‘తకధిమి’ అంటూ చేత్తో తాళం వేసి, మూడుకూ నాలుగుకూ తేడా తెలిసిన తరువాతే పుస్తకం తెరవడం మంచిది. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు సగం లిపి అప్పటికే తెలుసు. ‘స’ ఒక అక్షరకాలం, అంటే తాళంలో ఒక లెక్క; ‘సా’ రెండు.

అపోహ: కామా దగ్గర ఆగాలి.

వాస్తవం: నా అనుభవంలో పిల్లలను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. బడి వాచకంలో కామా కనబడితే ఆగాలని నేర్చుకున్న పిల్లలు ఇక్కడా ఊపిరి ఆపేస్తారు. కానీ స్వరలిపిలో కామా అంటే ముందున్న స్వరం మరొక అక్షరకాలం కొనసాగాలని, సెమికోలన్ అంటే రెండు అక్షరకాలాలు కొనసాగాలని అర్థం. సరళీ వరుసల్లో (పిల్లల తొలి స్వర పాఠాల్లో) ‘సరిగమ | పా | గమ || పా; | పా |; ||’ అని వచ్చేచోట చూడండి. రెండో ఆవర్తనంలో (తాళం రెండో చుట్టులో) మొదటి ‘పా’ దెబ్బ మీద మొదలై, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు లెక్క పూర్తయ్యే వరకు నిలవాలి. పిల్లలు ఉంగరపు వేలికే దానిని వదిలేసి తరువాతి ‘పా’ అందుకుంటారు. అప్పుడు అంకెలు లెక్కపెట్టించడం కంటే, ఒక్కొక్క వేలికి ‘పా-అ-అ-అ’ అని అచ్చును కొద్దిగా నొక్కి పాడించడం మేలు. నిడివి గొంతులో కుదిరాక ఆ నొక్కు మానిపించాలి, లేకపోతే అదే అలవాటైపోతుంది.

అపోహ: రెండో కాలం అంటే తాళం వేగంగా వేయడం.

వాస్తవం: చెయ్యి వేగం మారదు. ఒక్కొక్క అక్షరకాలంలో రెండు స్వరాలు పడతాయి, అంతే. స్వరాల మీద గీసే అడ్డగీత చెప్పేది కూడా ఇదే.

అపోహ: సరళీ వరుసలు పుస్తకం చూసి తప్పు లేకుండా పాడితే చదవడం వచ్చినట్టే.

వాస్తవం: అప్పటికి అవి కంఠస్థమై ఉంటాయి కనుక, కళ్ళు పేజీ మీద ఉన్నా పాడేది జ్ఞాపకమే. ఎన్నడూ పాడని ఒక ఆవర్తనాన్ని, ఉదాహరణకు ‘సా రిగ | మా | పా ||’ వంటిదానిని, పలక మీద రాసి పాడమనాలి. ఆ తరువాత మనం పాడినదానిని వాళ్ళ చేత రాయించాలి. ‘రి’కి దీర్ఘం పెట్టారంటే లోపం చెవిలో ఉందో చేతి లెక్కలో ఉందో అక్కడే తెలిసిపోతుంది.