కాక్లియర్ ఇంప్లాంట్ తర్వాత తూలుతోందా? అపోహలు - వాస్తవాలు

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే తీవ్రమైన చెవుడు ఉన్నవాళ్లకు లోపలి చెవిలోకి సన్నటి ఎలక్ట్రోడ్ తీగ పంపి, చెవి బయట పెట్టుకునే మిషన్‌తో శబ్దం వినిపించే పరికరం. అది వేయించుకోబోయేవాళ్లు వినికిడి గురించి అడగాల్సినవన్నీ అడుగుతారు. తూలు గురించి ముందుగా అడిగేవాళ్లు తక్కువ. ఆపరేషన్ అయిన మర్నాడు మంచం దిగబోయి గోడ పట్టుకున్నాక మొదలవుతుంది టెన్షన్. బ్యాలెన్స్ సమస్యలకు వ్యాయామాలు చేయించడం నా పని కాబట్టి, తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆపరేషన్ చేసింది చెవికి. కళ్లు తిరగడం పైత్యం వల్లో, గ్యాస్ వల్లో, మెడ నరాల వల్లో అయ్యుంటుంది.

వినికిడి చూసే కాక్లియా, బ్యాలెన్స్ చూసే భాగాలు లోపలి చెవిలో ఒకే ఇంట్లో రెండు వాటాల్లా ఉంటాయి. ద్రవం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కలిసే ఉంటుంది. మెదడుకు కబురు మోసే ఎనిమిదో నరం కూడా రెండింటికీ ఒకటే. ఎలక్ట్రోడ్ తీగను కాక్లియాలోకి పంపినప్పుడు ఆ ఒత్తిడి, తర్వాత వచ్చే వాపు పక్కవాటాకూ తగలొచ్చు. సాక్యూల్ అనే చిన్న సంచి అన్నిటికంటే దగ్గర కాబట్టి దెబ్బ తగిలే అవకాశం దానికే ఎక్కువ. చాలామందికి ఈ తూలు కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పెద్ద వయసువాళ్లకు, ముందునుంచే బ్యాలెన్స్ బలహీనంగా ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ఒక రకం మాత్రం వేరు. పక్క మీద అటు ఇటు దొర్లినప్పుడో, పైకి చూసినప్పుడో గది గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే, చెవిలోని సన్నటి స్ఫటికాలు చోటు తప్పాయని అనుమానించాలి. ఎముకను డ్రిల్ చేసినప్పుడు ఆ అదురుకు అవి కదలొచ్చు. దీనికి మాత్రలు పనిచేయవు. తలను, ఒంటిని ఒక వరుసలో తిప్పే ఎప్లీ పద్ధతిలో చాలామందికి ఒకటి రెండు సిట్టింగుల్లో తగ్గిపోతుంది. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు ఇంట్లో మీ అంతట మీరు చేయకండి.

అపోహ: పూర్తిగా తగ్గేదాకా పడుకునే ఉండాలి.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. మొదటి రెండు మూడు రోజులు విశ్రాంతి సరే. ఆ తర్వాత కదలకపోతే, ఒక చెవి నుంచి తగ్గిన సమాచారానికి మెదడు అలవాటు పడదు. స్టెమెటిల్, స్టుజెరాన్ లాంటి మాత్రలు తొలిరోజుల్లో వాంతులు ఆపడానికి మంచివే. నెలల తరబడి మింగితే ఆ అలవాటునే వెనక్కి లాగుతాయి. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడగండి.

సర్జన్ సరే అన్నాక నేను మొదట చేయించేది ఇది. గోడమీది తెలుగు క్యాలెండర్‌కి మీటరు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఒక తేదీ అంకె మీద చూపు నిలిపి, తలను కొద్దికొద్దిగా కుడికి ఎడమకి తిప్పాలి. అంకె చెదిరితే వేగం తగ్గించాలి. ఒక నిమిషం చాలు, రోజుకు మూడుసార్లు. కాస్త కళ్లు తిరిగినట్టు అనిపిస్తుంది, భయపడక్కర్లేదు. కూర్చుని తేలికయ్యాక నిలబడి, ఆ తర్వాత మెత్తటి పరుపు ముక్క మీద నిలబడి, పక్కన మనిషిని పెట్టుకుని చేయాలి.

అపోహ: మిషన్ వల్లే తిరుగుతోంది, తీసి పక్కన పెడితే పోతుంది.

మిషన్ స్విచ్ ఆన్ చేసేది సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాలకు. తూలు అంతకుముందే మొదలైతే పాపం మిషన్‌ది కాదు. ఆన్ చేసిన వెంటనే, లేదా ఏదో ఒక పెద్ద శబ్దానికే తిరుగుతుంటే మాత్రం ఆడియాలజిస్ట్‌కి (వినికిడి నిపుణులకి) చెప్పండి, మ్యాపింగ్ (మిషన్ సెట్టింగులు) మార్చి చూస్తారు.

అపోహ: పిల్లాడు పడిపోతున్నాడంటే బద్ధకమో, దూకుడో.

పుట్టుకతో తీవ్రమైన చెవుడు ఉన్న పిల్లల్లో చాలామందికి ఆపరేషన్‌కి ముందే బ్యాలెన్స్ తక్కువ. అషర్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే ఒక జన్యు జబ్బు) మొదటి రకం, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటివి వినికిడిని, బ్యాలెన్స్‌ని కలిపే దెబ్బతీస్తాయి. మెడ ఆలస్యంగా నిలబెట్టడం, పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోవడం, చీకట్లో, ఇసుకలో ఎక్కువగా పడిపోవడం గుర్తులు. ఆరోగ్యశ్రీలో ఇంప్లాంట్ అయిన పిల్లలను మాటల శిక్షణకు ఎంత దూరమైనా తిప్పుతారు. బ్యాలెన్స్ పరీక్ష మాట మాత్రం ఎవరూ ఎత్తరు, మీరే అడగండి. ఆపరేషన్‌కి ముందే చేయిస్తే ఏ చెవికి వేయాలన్న నిర్ణయానికీ అది పనికొస్తుంది.

రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ పోయిన పిల్లలు నీళ్లలో మునిగితే, కళ్లకు ఏమీ కనపడనప్పుడు పైకేదో కిందికేదో తెలియదు. మిషన్ తీసేస్తారు కాబట్టి ఒడ్డునుంచి అరిచినా వినపడదు. కాలువకో చెరువుకో ఈతకు ఒంటరిగా పంపకండి.

అపోహ: ఇంప్లాంట్ అన్నాక తూలు మామూలే, ఏదొచ్చినా ఓర్చుకోవాలి.

ముక్కులోంచో చెవిలోంచో తేటనీరు కారడం, మూతి వంకరపోవడం, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు. వీటిలో ఏది కనిపించినా అదేరోజు సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు మెనింజైటిస్ ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ, అందుకే న్యూమోకోకల్ టీకా వేయించుకోమంటారు. మీ టీకాల కార్డులో అది పడిందో లేదో ఒకసారి తీసి చూసుకోండి.